‘ఎక్కడో పడుంటాడులే’: పిల్లల ఎముకల్లో, కీళ్లలో చీము పట్టినప్పుడు

ఒడిశా వైపు పర్లాకిమిడిలోనైనా, గుణుపూర్‌లోనైనా, మహేంద్రతనయ ఏరు దాటి ఆంధ్రా వైపు పాతపట్నంలోనైనా నాలుగేళ్ల గుంటడు పొద్దున్నే లేచి కాలు కింద పెట్టనని ఏడిస్తే ఇంట్లో ముందు వినిపించే మాట ఒకటే: "నిన్నంతా గెంతులాడాడు కదా, ఎక్కడో పడుంటాడులే." చాలాసార్లు అది నిజమే. మధ్యాహ్నానికి వాడు మళ్లీ వీధిలో ఉంటాడు. సాయంత్రానికి ఒళ్లు కాలిపోతూ, కాలు ముట్టుకోనివ్వకపోతే మాత్రం ఆ మాట మీద అనుమానం రావాలి.

మా పిన్ని కొడుకు విషయంలో ఆ అనుమానం తొమ్మిదో రోజుకి వచ్చింది. వాడికప్పుడు మూడేళ్లు. జ్వరం, ఎడమకాలు కదపడు. మొదటి రోజు నూనె రాసి తోమారు. మర్నాడు ఎముకలు కట్టే ఆయన పసరు పూసి, వెదురు బద్దలతో కట్టు కట్టాడు. జ్వరానికి ఆర్‌ఎంపీ డాక్టరు రెండు రోజులు సూదులు వేశాడు, తగ్గినట్టే తగ్గింది. ఆరో రోజున ఎక్స్‌రే తీయించారు. చూసిన డాక్టరు "ఎముక బాగుందమ్మా, విరగలేదు" అన్నాడు. తొమ్మిదో రోజున పెద్దాసుపత్రిలో తుంటి కీలు తెరిస్తే చీము పొంగుకొచ్చింది. ఇప్పుడు వాడికి నలభై దాటాయి, నడకలో కుంటు అలాగే ఉంది.

ఇందులో ఎవరూ కావాలని అశ్రద్ధ చేయలేదు. ఆ పూటకి ఏ పనికాపని సబబుగానే కనిపించింది. ఎక్స్‌రే చూసి చెప్పిన మాట కూడా అబద్ధం కాదు. ఈ జబ్బులో అసలు చిక్కు ఇదే కాబట్టి, ఆ తొమ్మిది రోజుల్లో చేసిన పనులనే ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

ముందుగా, పైన చిన్న గాయం కూడా లేకుండా ఎముక లోపల చీము ఎలా పడుతుంది? పిల్లల్లో ఎక్కువగా క్రిములు బయటినుంచి తొలుచుకుని లోపలికి పోవు, రక్తంలో కొట్టుకొస్తాయి. పిల్లల పొడుగాటి ఎముకలకు చివర్లలో గ్రోత్ ప్లేట్ అనే మెత్తటి పొర ఉంటుంది, ఎముక పొడుగు పెరిగేది అక్కడే. ఆ పొరను ఆనుకుని ఉన్న భాగంలో సన్నటి రక్తనాళాలు వచ్చిన దారినే మెలిక తిరిగి వెనక్కి పోతాయి. ఆ మెలిక దగ్గర రక్తం వేగం తగ్గుతుంది. వంశధార మలుపు తిరిగిన చోట నీళ్లు నిదానించి ఇసుక మేట వేయడం చూసేవుంటారు, అచ్చం అలాగే. రక్తంలో తిరుగుతున్న క్రిమి అక్కడ నిలబడిపోతుంది. దాన్ని మింగేయాల్సిన కణాలు కూడా ఆ మూల తక్కువే. అందుకే ఈ జబ్బు తొడ ఎముక, మోకాలి కింది ఎముక, దండచేతి ఎముకల చివర్లను ఎక్కువగా పట్టుకుంటుంది. ఎముకకు పడితే ఆస్టియోమైలైటిస్ అనీ, కీలుకు పడితే సెప్టిక్ ఆర్థరైటిస్ అనీ అంటారు. పిల్లల్లో ఈ రెండూ తరచు జంటగానే వస్తాయి. రోగుల్లో సుమారు సగం మంది అయిదేళ్ల లోపువాళ్లు. ఆడపిల్లల కంటే మగపిల్లలకు ఎక్కువ.

క్రిమి పేరు చాలాసార్లు స్టెఫైలోకాకస్ ఆరియస్. అది కొత్తదేమీ కాదు, సెగ్గడ్డల్లో, కురుపుల్లో, గోకి గోకి పుండు పడ్డ గజ్జిలో ఉండేది అదే. చర్మం మీద పుండు ఆరకపోతే అక్కడినుంచి రక్తంలోకి దిగడానికి దానికి దారి దొరుకుతుంది. మన సరిహద్దు కొండల్లో ఇంకో దారి కూడా ఉంది. కడుపు ఉబ్బిందనో, మూర్ఛ వచ్చిందనో పసిబిడ్డకు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం. ఒడియాలో చెంక అంటారు. ఆ కాలిన పుండ్లు చీము పడితే వచ్చే ముప్పుల్లో ఎముక జబ్బు ఒకటి. ఒకప్పుడు హిబ్ అనే మరో క్రిమి కూడా చంటిపిల్లల కీళ్లను బాగా పాడుచేసేది. దానికి టీకా కలిసిన పెంటావాలెంట్, అంటే అయిదు జబ్బులకు కలిపి వేసే సూది, 2011లో కేరళ, తమిళనాడులతో మొదలై 2015 నాటికి దేశమంతా వచ్చింది. టీకా పడిన చోటల్లా ఆ బెడద బాగా తగ్గింది.

ఇక పడ్డాడన్న మాట సంగతి. ఇది సగం నిజం, అందుకే అంత మోసం చేస్తుంది. ఈ జబ్బుతో వచ్చే పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది ఇళ్లలో ఏదో చిన్న దెబ్బ తగిలిందనే చెబుతారు. కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో కూడా, రక్తంలో క్రిమి ఉన్నప్పుడు ఎముక చివర దెబ్బ తగిలితే అది అక్కడే పాగా వేసింది. కాబట్టి దెబ్బ తగిలుండొచ్చు. కానీ మామూలు దెబ్బకు జ్వరం రాదు. దెబ్బ నొప్పి మొదటి పూట ఎక్కువగా ఉండి మర్నాటికి తగ్గుముఖం పడుతుంది. చీము నొప్పి పూటపూటకీ పెరుగుతుంది, రాత్రుళ్లు నిద్రపోనివ్వదు. అసలు నాలుగేళ్ల పిల్లాడు పడని రోజు ఏది?

నూనె, కట్టు. ఈ రెండూ నొప్పిని బెణుకు అనుకుని చేసే పనులు. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే వాటి జోలికి పోబుద్ధి కాదు. ఎముక మీద పల్చటి తొడుగులాంటి పొర ఒకటి ఉంటుంది. పెద్దవాళ్లలో అది పచ్చి చింతకాయ తొక్కలాగా ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది. పిల్లల్లో పండిన చింతకాయ పెంకులా వదులుగా ఉంటుంది. లోపల పట్టిన చీముకు చోటు చాలక ఎముకను తొలుచుకుని బయటికొచ్చి, ఈ పొరను ఎముకనుంచి లేపేస్తుంది. ఎముక పైభాగానికి రక్తం అందేది ఆ పొరనుంచే. లోపలి రక్తనాళాలు చీము ఒత్తిడికి మూసుకుపోయి, పై పొర కూడా లేచిపోతే, మధ్యలో ఉన్న ఎముక ముక్క రక్తం లేక చచ్చిపోతుంది. చచ్చిన ఎముకలోకి మందు చేరదు, క్రిమి మాత్రం హాయిగా ఉంటుంది. లేచిన పొర తన వంతుగా చుట్టూ కొత్త ఎముకను కడుతుంది, పాత ముక్క అందులో ఖైదీలా ఉండిపోతుంది. చీము చర్మానికి కన్నం పెట్టుకుని ఏళ్ల తరబడి కారుతూ ఉంటుంది. వారపు సంతల్లో కాలికి గుడ్డ చుట్టుకుని, ఈగలు తోలుకుంటూ కూర్చున్న పెద్దవాళ్లు అక్కడక్కడా కనబడతారు. అలాంటి పుండ్లలో కొన్ని చిన్నప్పుడు మొదలైనవే. అంత ఒత్తిడిలో ఉన్న కాలును తోమడం, బిగించి కట్టడం పిల్లాడికి నరకం. పైగా కట్టు కింద వాపు, ఎరుపు ఎవరికీ కనబడవు.

తుంటి సంగతి ఇంకా తొందరది. తుంటి, భుజం లాంటి కీళ్లలో ఎముక చివరి భాగం కొంత కీలు సంచి లోపలే ఉంటుంది. ఎముకలో పుట్టిన చీము అక్కడ నేరుగా కీలులోకి పగులుతుంది. చీములోని రసాయనాలు కీలు మీది నున్నటి మృదులాస్థిని గంటల లెక్కన తినేస్తాయి. సంచిలో ఒత్తిడి పెరిగితే తొడ ఎముక తలకాయకు రక్తం ఆగిపోతుంది. తర్వాత చీము తీసినా ఆ తలకాయ అరిగిపోవచ్చు, తుంటిలో అది కూర్చునే గిన్నెలోంచి జారిపోవచ్చు. గ్రోత్ ప్లేట్ దెబ్బతింటే ఆ కాలు రెండోదానితో సమానంగా పెరగదు. చంటిపిల్లల తుంటిలో ఈ విధ్వంసాన్ని 1874లో లండన్‌లో థామస్ స్మిత్ అనే సర్జన్ వివరంగా రాశాడు. మన ఎముకల డాక్టర్లు ఇప్పటికీ దాన్ని టామ్ స్మిత్ ఆర్థరైటిస్ అని ఆయన పేరుతోనే పిలుస్తారు.

తుంటి ఇంకో మోసం కూడా చేస్తుంది. నొప్పి అక్కడ, పిల్లాడు చూపించేది మోకాలు. నరాల అమరిక అలాంటిది. మోకాలికి నూనె రాసి, మోకాలికి ఎక్స్‌రే తీయించి, మోకాలు బాగుందని ఇంటికొచ్చేవాళ్లు ఎందరో. పిల్లాడు వెల్లకిలా పడుకుని, మోకాలు కాస్త మడిచి, కాలు బయటివైపుకి పడేసి, ఎవరైనా కదిపితే కెవ్వుమంటే తుంటిని చూడమని డాక్టరుని అడగండి.

ఏడాదిన్నర లోపు పసివాళ్లది వేరే లెక్క. వాళ్లలో రక్తనాళాలు గ్రోత్ ప్లేటును దాటి పోతాయి కాబట్టి చీము ఎముకనుంచి కీలుకు సులువుగా చేరుతుంది. మొదటి నెలల్లో జ్వరం రాకపోవచ్చు కూడా. చెయ్యో కాలో పక్షవాతం వచ్చినట్టు వేలాడేయడం, పాలు తాగకపోవడం, గుడ్డలు మార్చేటప్పుడు గుక్కపట్టి ఏడవడం, గుర్తులు ఇంతే. పుట్టగానే ఐసీయూలో ఉండి, బొడ్డు దగ్గరో చేతికో గొట్టాలు పెట్టించుకుని వచ్చిన బిడ్డలో అయితే వీటిని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు.

ఆర్‌ఎంపీ సూది గురించి కోపంగా రాయబుద్ధి కావడం లేదు. కొండ ఊళ్లలో అర్ధరాత్రి తలుపు తీసే వైద్యుడు ఆయనొక్కడే. కానీ రెండు రోజుల యాంటీబయాటిక్ సూది జ్వరాన్ని అణుస్తుంది, చీమును తీయదు. పైగా ఆ తర్వాత రక్తం కల్చరుకు పంపితే చాలాసార్లు క్రిమి పెరగదు. కల్చర్ అంటే రక్తాన్ని సీసాలో పోసి ఏ క్రిమి ఉందో పెంచి చూడడం. క్రిమి పేరు తెలిస్తే దానికి ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. ఎమ్మార్‌ఎస్‌ఏ అనే మొండిరకం స్టెఫైలోకాకస్ అయితే మామూలు మందులకు లొంగదు, వాంకోమైసిన్ లాంటివి కావాలి. పేరు తెలియకపోతే వారాల పాటు గుడ్డిగా వైద్యం చేయాలి. మరీ ప్రమాదంగా ఉన్న బిడ్డకైతే మందు ఆపకూడదు, కానీ సూదికి ముందు రక్తం తీయడానికి అయిదు నిమిషాలు చాలు. ముందే సూదులు పడ్డాయా, ఏవి, ఎన్ని అన్నది పెద్ద డాక్టరుకు దాచకుండా చెప్పాలి. తిడతారని చాలామంది దాస్తారు. ఖాళీ సీసాలు, మందుల చీటీ పట్టుకెళ్తే ఇంకా మంచిది.

ఎక్స్‌రేలో ఎముక కరిగినట్టు కనబడాలంటే అందులోని ఖనిజంలో మూడో వంతునుంచి సగం దాకా పోయివుండాలి. అందుకు వారంనుంచి రెండు వారాలు పడుతుంది. అంటే మొదటి వారంలో ఎక్స్‌రే బాగుండడమే మామూలు. విరిగిందో లేదో, గడ్డలాంటిది ఉందో లేదో చూడడానికి తీస్తారు, చీము లేదని తేల్చడానికి అది పనికిరాదు. తుంటిలో నీరు చేరిందా అన్నది అల్ట్రాసౌండ్ నిమిషాల్లో చెబుతుంది, జిల్లా కేంద్రాల్లో దొరుకుతుంది కూడా. ఎముక లోపలి సంగతి తొలిరోజుల్లోనే చూపించేది ఎమ్మారై. చిన్నపిల్లలకు దానికి మత్తివ్వాల్సి వస్తుంది, పెద్ద ఊరికి పోవాల్సి వస్తుంది.

ఒంట్లో వాపు, చీము లాంటివి ఉంటే పెరిగే రక్తపరీక్షలు సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్. వాటిలో సీఆర్‌పీ ముఖ్యం. జబ్బు మొదలైన గంటల్లోనే పెరుగుతుంది, వైద్యం పనిచేస్తే వారం పది రోజుల్లో దిగుతుంది. ఈఎస్‌ఆర్ నింపాదిగా ఎక్కి నింపాదిగా దిగుతుంది. ఒక చిన్న జాగ్రత్త: కొన్ని ల్యాబులు సీఆర్‌పీని లీటరుకు లెక్కగడతాయి, కొన్ని డెసిలీటరుకు. లీటరుకు 20 మిల్లీగ్రాములన్నా, డెసిలీటరుకు 2 అన్నా ఒకటే. నది ఈ ఒడ్డున ఒక రిపోర్టు, ఆ ఒడ్డున ఒక రిపోర్టు తీయించి "ఇరవైనుంచి రెండుకి దిగిపోయింది బాబూ" అని సంబరపడే ప్రమాదం ఉంది.

ఇంతకీ, తుంటి నొప్పితో వచ్చే పిల్లలందరికీ చీమేనా? కాదు. జలుబో దగ్గో చేసి తగ్గిన వారానికి తుంటిలో కాస్త నీరు చేరి, మూడునుంచి ఎనిమిదేళ్ల పిల్లలు కుంటుతారు. దానంతటదే తగ్గిపోతుంది. ఏది ఏదో విడదీయడానికి 1999లో బోస్టన్‌లో కోకర్ అనే డాక్టరు బృందం నాలుగు ప్రశ్నలు పెట్టింది: జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటిందా, అంటే మన థర్మామీటరులో 101.3, కాలు మీద బరువు వేయలేకపోతున్నాడా, ఈఎస్‌ఆర్ 40కి చేరిందా, తెల్లకణాలు 12 వేలు దాటాయా. నాలుగూ అవునంటే చీము ఉండే అవకాశం 99.6 శాతం అని వాళ్లు తేల్చారు. 2004లో సెయింట్ లూయిస్‌లో వేరే డాక్టర్లు తమ రోగుల మీద అదే లెక్క వేస్తే 59 శాతమే వచ్చింది.  లెక్క పనికిరాదని కాదు, బిడ్డను చేత్తో చూసిన డాక్టరు అనుమానం కంటే అది గొప్పది కాదని మాత్రమే. అనుమానం ఉంటే కీలులోకి సూది పెట్టి నీళ్లు తీసి చూస్తారు. ఒప్పుకోవడానికి తల్లిదండ్రులు భయపడేది ఇక్కడే, గంటలు పోయేదీ ఇక్కడే.

మన ప్రాంతంలో కథ మరింత ముడిపడేది తల్లిదండ్రులనుంచి వచ్చే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు వల్ల. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇది కొత్త పేరు కాదు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఒడిశాలోనూ నడుస్తోంది. ఈ జబ్బున్న పిల్లల ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం అందక ఎముక నొప్పెడుతుంది, వాస్తుంది, జ్వరమూ వస్తుంది. అచ్చం చీము పట్టినట్టే. చాలాసార్లు అది చీము కాదు, సెలైన్, నొప్పి మందులతో కొద్దిరోజుల్లో తగ్గుతుంది. కానీ అలా రక్తం అందక చచ్చిన ఎముక క్రిములకు మంచి నివాసం. ఈ పిల్లల్లో స్టెఫైలోకాకస్‌తో పాటు, పేగులనుంచి రక్తంలోకి చేరే సాల్మొనెల్లా అనే క్రిమి కూడా ఎముకకు పడుతుంది. దానికి వాడే మందులు వేరు. అందుకే కాలు నొప్పి, జ్వరంతో వెళ్లినప్పుడు ఇంట్లో సికిల్ ఉందన్న సంగతి మొదటి నిమిషంలోనే చెప్పాలి. ఎప్పుడూ వచ్చే నొప్పేలే అనుకుంటూ ఉండగా ఈసారి ఒక్కచోటే పట్టుకుని, తగ్గకుండా, జ్వరం పెరుగుతూ పోతే, అది ఎప్పుడూ వచ్చేది కాకపోవచ్చు. ఇది గిరిజనుల జబ్బు, మాకు రాదు అనే మాట తెలుగు వీధుల్లో వింటూ ఉంటాను. జీన్‌కు కులం తెలియదు, గిరిజనేతరుల్లోనూ ఉంది.

టీబీ గురించి క్లుప్తంగా. అది తొందర లేనిది. నెలల తరబడి కుంటడం, సాయంత్రాలు చిన్న జ్వరం, బరువు తగ్గడం, వెన్నులో గూని రావడం దాని లక్షణాలు. ప్రభుత్వం ఉచితంగా మందులిస్తుంది, ఎముక టీబీకి ఏడాది దాకా వాడాలి. ఒళ్లంతా పాలిపోయి, చాలా ఎముకలు నొప్పెడుతూ, తగ్గని జ్వరం ఉన్న బిడ్డలో రక్త కేన్సరును కూడా చూడాలి. మొదటి రెండు మూడు రోజుల్లో తేల్చాల్సింది మాత్రం చీమే.

వైద్యంలో రెండు భాగాలు. కీలులో చీముంటే తీసేయాలి, తుంటి అయితే తెరిచి కడగాలి, అదీ ఆ రోజే. రేపు ఆపరేషన్ డేట్ ఇస్తామనే జబ్బు కాదిది. ఎముకలో ఇంకా చీము గడ్డ కట్టకముందే పట్టుకుంటే మాత్రం చాలామందికి మందులతోనే నయమవుతుంది. తొలిరోజుల్లో వచ్చినందుకు దక్కే పెద్ద లాభం ఇదే. మొదట కొద్దిరోజులు సెలైన్ దారిన మందు, జ్వరం దిగి సీఆర్‌పీ తగ్గుతుంటే తర్వాత నోటి మందు. ఒకప్పుడు ఆరు వారాలు సూదులే వేసేవారు. ఫిన్లాండ్‌లో 131 మంది పిల్లల మీద చేసి 2010లో ప్రచురించిన పరీక్షలో, మొదటి కొద్దిరోజులు మాత్రమే సూది ఇచ్చి మొత్తం 20 రోజుల వైద్యం చేసినా, 30 రోజులంతే బాగా పనిచేసింది. అయితే అక్కడ మొండిరకం క్రిమి లేదు, పిల్లలు త్వరగా ఆసుపత్రికి చేరారు. మన దగ్గర మామూలుగా మూడు నాలుగు వారాలు ఇస్తారు, ఆలస్యమైతే ఇంకా ఎక్కువ. నోటి మందు మోతాదు గొంతు నొప్పికిచ్చే దానికంటే రెండు మూడింతలు ఉంటుంది. "ఇంత చిన్న గుంటడికి ఇంతా?" అని మందుల షాపులో తగ్గించి ఇస్తే ఒప్పుకోకండి, రాసిన డాక్టరుకు ఫోన్ చేయించండి. జ్వరం పోయి పిల్లాడు పరిగెడుతున్నా సరే, చీటీలో ఉన్న రోజులు పూర్తి కావాలి.

ఎక్కడికి వెళ్లాలి? గజపతి, గంజాం వాళ్లకు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్ వైపు వాళ్లకు కొరాపుట్ మెడికల్ కాలేజీ, ఏరు దాటితే శ్రీకాకుళం, ఆపైన విశాఖ కేజీహెచ్. ఒడిశా కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో, ఆంధ్రా కార్డు ఎక్కడ చెల్లుతుందో 108లో కూర్చున్నాక కనుక్కోవచ్చు, ముందు బయల్దేరాలి. భాష సంగతి ఇంకోటి. ఒడియాలో గోడ అంటే కాలు. మా అమ్మమ్మ బరంపురం ఓపీలో "గోడ బిందుచి" అన్న మాట విని, ఈ ఊళ్లో గోడలకు కూడా నొప్పులా అని చాన్నాళ్లు నవ్వించేది. అక్కడ చెప్పాల్సినవి మూడే: ఎన్ని రోజులనుంచి జ్వరం, ఏ కాలు కింద పెట్టడం లేదు, ఇప్పటిదాకా ఏ సూదులు పడ్డాయి. దెబ్బ మాట వాళ్లు అడిగితే చెప్పొచ్చు. ముందే మనం అందిస్తే వాళ్లు ఎక్స్‌రే గదికి రాస్తారు.

ఇంటికొచ్చాక కూడా ఇది అయిపోదు. గ్రోత్ ప్లేట్ దెబ్బతిన్నదీ లేనిదీ వెంటనే తెలియదు, కాలు పెరిగే కొద్దీ తెలుస్తుంది. అందుకే మొదటి ఏడాది తరచుగా, ఆ తర్వాత ఎదుగుదల ఆగేదాకా అప్పుడప్పుడూ రెండు కాళ్ల పొడుగు కొలిపించుకోవాలి. తేడా తక్కువైతే చెప్పు ఎత్తు పెంచితే సరిపోతుంది, ఎక్కువైతే ఆపరేషన్లు ఉన్నాయి. మా తమ్ముడికి అలా కొలిచినవాళ్లు లేరు. పదో తరగతిలో యూనిఫాం ప్యాంటు కుట్టిన దర్జీ చెప్పాడు, ఎడమకాలు కొలత రెండు అంగుళాలు తక్కువుందని.